గరిక తీసిన ఏడు

మా ఇంటి వెనక తోట ఎకరన్నర. కోయిలకుంట్ల తాలూకాలో, నల్లరేగడి నేలలో, మిషను కాంపౌండు గోడకు లోపల ఉండేది. ఆడపిల్లల బోర్డింగులో రోజూ ఉడికే కూర అంతా ఆ తోటదే. వంకాయ, బెండ, గోరుచిక్కుడు, బీర, సొర, గోడ పొడవునా అనప తీగలు, బావి పక్కన మెంతాకు, చుక్కకూర మళ్లు. తోటపని నా భర్తది. నేను బోర్డింగు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. ఇల్లూ తోటా రెండూ మిషనువే. తోట పండించేవాళ్లకు ఇల్లు. అదీ ఏర్పాటు.

ఆ తోటను దున్నేది ఎద్దులు కాదు, ఒక చిన్న ఇంజను. యుద్ధానికి ముందు బోర్డింగు నడిపిన దొరసానమ్మ దాన్ని తన దేశం నుంచి తెప్పించుకుంది. ఓడలో మద్రాసుకు, రైల్లో నంద్యాలకు వచ్చి, అక్కడ ఎద్దుబండి ఎక్కి మా ఊరు చేరింది. ఎద్దులు అక్కర్లేని యంత్రాన్ని ఎద్దులే మోసుకొచ్చాయని ఊళ్లో చాలాకాలం నవ్వుకున్నారు. రెండు ఇనప చక్రాలు, వాటి మీద కుండంత ఇంజను, వెనక్కి చాచిన రెండు పిడులు. చక్రాల వెనక ఒక ఇరుసుకు వంకర కత్తులు. ఇంజను నడిస్తే ఆ కత్తులు గిరగిరా తిరిగి మట్టిని తవ్వి పోస్తాయి. మనిషి పిడులు పట్టుకుని వెనక నడవాలి. పంది ముట్టెతో మట్టి పెళ్లగించినట్టు ఉంటుందని మా అత్త దానికి ఇనపపంది అని పేరు పెట్టింది. ఊరంతా అదే పేరుతో పిలిచేది.

దొరసానమ్మ తన దేశానికి వెళ్లిపోతూ ఇనపపందిని నా భర్తకు అప్పగించి పోయింది. ఆయన దాన్ని విప్పడం, తుడవడం, బిగించడం తనంతట తానే నేర్చుకున్నారు. పెట్రోలు రేషను. బోర్డింగు పేరు మీద వచ్చే కొంచెం పెట్రోలుతో ఇంజను రాజేసి, వేడెక్కిన తర్వాత కిరసనాయిలు మీదికి మార్చేవారు.

స్వరాజ్యం రావడానికి ముందటి చలికాలంలో ఆయన జ్వరంతో పోయారు. సమాధి దగ్గర సంఘపెద్ద ఆయన్ను దేవుని తోటలో వాడిన పువ్వుతో పోల్చి మాట్లాడారు. మంచి మనసుతోనే అన్నారు. నాకు మాత్రం ఆయన ఎన్నడూ పువ్వుగా కనిపించలేదు. ఇంజను ప్లగ్గు విప్పుకొచ్చి నా పొయ్యిగట్టు మీద ఆరబెట్టుకునేవారు. కిరసనాయిలు చేతులతో కంచం ముట్టుకుని వాళ్లమ్మ చేత తిట్లు తినేవారు. పోయింది ఆ మనిషి.

ఎండాకాలం ముదిరినప్పుడు సంఘ కమిటీ కూర్చుంది. నన్ను పిలిచారు. అత్త కూడా నా వెనకే వచ్చి గడప పక్కన కూర్చుంది.

"పంతులమ్మా, తోట బీడు పడితే బోర్డింగు పిల్లోల్లకు కూర యాడ నుంచి వస్తాది?" అన్నారు సంఘపెద్ద. "మగదిక్కు ఉండే ఇంటికి ఇస్తే మేలని కమిటీ అనుకుంటాండాది."

"నేను పండిస్తాను" అన్నాను.

"దున్నేదెవరు?"

"ఇంజను ఉంది గదా."

"ఇంజను ఉంటే సాలునా? దాన్ని పట్టేదెవరు అంటాండా."

"నేనే పడతాను."

సంఘపెద్ద తల అడ్డంగా ఊపారు. ఎందుకో నాకు తెలుసు. మా వైపు ఆడవాళ్లు విత్తనం వేస్తారు, కలుపు తీస్తారు, కోస్తారు, నూరుస్తారు, మోస్తారు. నాగలిని మేము మడక అంటాం; దాని మేడి మాత్రం ముట్టరు. ఆడది మడక పడితే ఆ ఏడు వాన రాదని నమ్మకం. వాకిట్లో మడక పడి ఉంటే దాన్ని దాటకుండా చుట్టూ తిరిగి పోతారు. యేసును నమ్మినా, ఇంటి గోడ మీది బొమ్మలు మారినా, ఈ నమ్మకం ఏ ఇంట్లోనూ మారలేదు. నేనూ పుట్టింట్లో మడకను చుట్టి నడిచినదాన్నే.

పాస్టరు అయ్యగారు మెల్లగా నవ్వి, "ఆ మాట బైబిల్లో యాడుంది పెద్దాయనా?" అని అడిగారు.

"బైబిల్లో ల్యాదు అయ్యగారూ. వానకు బైబిలు తెలీదు గదా."

"దొరసానమ్మ అన్నేండ్లు పట్టింది ఈ ఇంజను" అన్నాను. "అప్పుడు వాన ఆగలేదే."

"ఆయమ్మ ఆడిది గాదమ్మా. దొర."

గడప దగ్గర నుంచి అత్త గొంతు వచ్చింది. "అవునప్పా. ఆయమ్మ పట్టినప్పుడు నువ్వే గదా ఎనకాల గొడుగు పట్టుకోని నడిచింది."

కమిటీ వాళ్లు నవ్వారు. సంఘపెద్ద కూడా నవ్వారు గానీ మాట మార్చలేదు. చివరికి అయ్యగారు ఒక గడువు చెప్పారు. కోతపండగ నాటికి తోటలో బోర్డింగుకు కూర దిగుతూ ఉంటే తోట, ఇల్లు మావే. లేకపోతే పండగ కాగానే వదిలిపెట్టాలి. కోతపండగ అంటే చలి మొదలయ్యే రోజుల్లో సంఘమంతా తమ పంటలో మొదటి భాగం మిషను గుడికి తెచ్చి, అక్కడే వేలం పాడే పండగ.

వేంపల్లెలో మా అన్న ఉన్నాడు. వచ్చేయమని అప్పటికే కబురు పంపాడు. నాకొక చాప పరచడానికి అక్కడ చోటు ఉంది. మా అత్తకు ఈ ఇల్లు తప్ప ఇంకొక చోటు లేదు. ఆమె కన్నది ఆ ఒక్క కొడుకునే. ఆమె ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇంటికి వస్తూ దారిలో ఆమె ఒకే మాట అడిగింది. "నిజంగా పడతావా మే?"

"పడతాను అత్తా."

"అయితే ఆ వానకు నేను జవాబు చెప్పుకుంటాలే. ముందు నువ్వు దాన్ని కదిలించు."

ఇంజను తోలేముందు ఒకసారి మడకతో పైపైన దున్నిస్తే నేల గుల్లబడుతుందని, గోడ అవతలి చేను రెడ్డిని ఎద్దులు అడిగాను. నా భర్త ఉన్నప్పుడు ఆయనకు తోట కూర, మాకు ఆయన ఎద్దులు. అది రెండిళ్ల మధ్య నడిచే సర్దుబాటు. ఈసారి రెడ్డి తువ్వాలుతో మొహం తుడుచుకుని పక్కకు చూశాడు.

"ఇంజను నువ్వే పడతావంట గదా పంతులమ్మా?"

"అవును."

"మల్ల నా ఎద్దులెందుకు? ఆడిది దున్నే చేన్లో నా ఎద్దులు కాలు పెట్టేది వద్దుమ్మా. కోపం గాదు. నాకూ వాన కావల్ల."

ఆయన మాటలో ద్వేషం లేదు. ఎద్దులు లేకుండానే తోలాలనుకుని ఇంటికి వచ్చాను.

తొలి వాన పడింది. రేగడి నేలలో దున్నడానికి పదును ఎంతో సేపు నిలవదు. తడి ఎక్కువైతే కత్తులకు బంకలా చుట్టుకుంటుంది, ఆరితే రాయి. వాన వెలిసిన రెండో పొద్దుకు పిడికెడు మట్టి పట్టి చూస్తే, నొక్కితే ముద్దయి, వేలితో పొడిస్తే విరిగింది. పాకలో నుంచి ఇనపపందిని బయటికి తోశాం. తాడు చుట్టి లాగాను. ఇంజను ఒకసారి దగ్గి ఊరుకుంది. లాగుతూనే ఉన్నాను. అరచేతులు కందాయి. అత్త పక్కన నిలబడి చాలాసేపు చూసింది.

"వాడు దాంట్లో నుంచి ఒక ముక్క పీకి పొయ్యికాడ పెట్టేటోడు గదా" అంది.

నిజమే. ఇద్దరం రోజూ చూసిందే. ప్లగ్గు విప్పి తెచ్చి, మసి తుడిచి, పొయ్యిలో నిప్పుల పక్కన వేడి చేశాను. అది వేడెక్కుతున్నంతసేపూ ఇద్దరం పొయ్యి ముందు కూర్చున్నాం. ఆయన కూర్చునే చోట ఎవరం కూర్చోలేదు. గుడ్డతో పట్టుకుని పోయి బిగించి మళ్లీ తాడు లాగితే ఇంజను అందుకుంది. అత్త కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. ఇంజను ఆగదని తెలిసిన తర్వాత కళ్లు తెరిచి దాన్ని నోరారా తిట్టింది.

ఇక్కడ గరిక సంగతి చెప్పాలి. ఆయన జబ్బు పడ్డప్పటి నుంచి తోటను చూసినవాళ్లు లేరు. రెడ్డి చేను గట్టు మీది గరిక గోడ కింద నుంచి లోపలికి వచ్చింది. తోటలో మూడో వంతు దాకా పాకింది. రేగడి నేలలో గరిక వేరు మనిషి నడుము లోతుకు పోతుంది. గణుపు గణుపుకూ మొలక. మడకతో దున్నితే ఆ వేర్లు తాళ్లలాగా పైకి తేలుతాయి. వెనకాల ఆడవాళ్లు గంపలు పట్టుకుని నడుస్తూ వాటిని ఏరి గట్టు మీద వేస్తారు. మా వైపు గరిక చేను దున్నడమంటే సగం పని దున్నేవాడిది, సగం ఏరేవాళ్లది.

అందుకని ఆ రోజు పల్లె నుంచి నలుగురు ఆడవాళ్లను అత్త పిలుచుకొచ్చింది. వాళ్లు గంపలతో నా వెనక వరుసగా నిలబడ్డారు. ఆడది ఇంజను పడుతుంటే చూడాలని వచ్చినవాళ్లు గోడ మీద కూర్చున్నారు. నేను పిడులు పట్టుకున్నాను. మొదట అది నన్ను లాక్కుపోయింది. తర్వాత నా నడక దానికి కుదిరింది. గరిక ఉన్న చోటికి చేరాక కత్తులు పరపరమని కోసుకుంటూ పోయాయి. నేల నల్లగా, మెత్తగా వెనక పరుచుకుంది.

ఏరేవాళ్లు వంగి చూశారు. ఏరడానికి ఏమీ లేదు. ఒక్క తాడు కూడా పైకి తేలలేదు.

"ఏమ్మా ఇది, గరికంతా మింగేసినట్టుండాది పంది" అంది ఒకామె.

"మల్ల మేమెందుకు? పోతాం పా" అని ఇంకొకామె గంప నెత్తిన పెట్టుకుంది.

అత్త పిడికిట్లోకి మట్టి తీసుకుని చూసింది. "వెన్న మాదిరి ఉండాది" అంది. ఆ పూట మేమందరం సంతోషంగా ఉన్నాం. అలవాటు మా కళ్లు కట్టేసింది. గరిక అంటే తాడు. తాడు కనిపించకపోతే గరిక లేదనుకున్నాం. కత్తులు ఆ తాళ్లను వేలెడంత ముక్కలుగా నరికి, ఈడ్చుకుపోయి తోట అంతా సమంగా విత్తాయని మాలో ఒక్కరికీ తట్టలేదు. నా భర్త ఉన్నన్నాళ్లు గరికను గోడ దాటి రానివ్వలేదు. కాబట్టి ఇంజను దాన్ని ఏం చేస్తుందో మాకెవరికీ చూసిన అనుభవం లేదు.

విత్తనాలు వేశాం. బెండ మొలకలు తలెత్తేలోపే గరిక తలెత్తింది. గోడ పక్కన ఉన్నదల్లా తోట అంతా పచ్చగా లేచింది. ఒక్కొక్క ముక్క ఒక్కొక్క దుబ్బు. బెండ మొలక ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. దొరసానమ్మ వదిలిపోయిన పుస్తకాల్లో తోటపని పుస్తకం ఒకటి ఉంటే తెరిచాను. ఇంటి ముందు పచ్చగడ్డి ఒత్తుగా పెరగాలంటే ఏ ఎరువు వేయాలో అందులో వివరంగా రాసి ఉంది. మూసి పెట్టాను.

అంతటితో ఆగలేదు. వాన నిలిచిపోయింది. గాలి మొదలైంది. పడమటి గాలి రోజంతా ఎడతెగకుండా వీచి మబ్బును మబ్బులాగే తోసుకుపోయింది. ఊళ్లో జొన్న మొలకలు వడిలాయి. రేగడి నెర్రెలిచ్చింది. నన్ను చూసి దారిలో మాటలు ఆపేవాళ్లు. రోకలికి కప్పను కట్టుకుని, వేపమండలతో, వాన కోసం ఇల్లిల్లూ తిరిగే పిల్లలూ పెద్దలూ మా కాంపౌండు గేటు దగ్గరికీ వచ్చారు. అంతకు ముందు ఎప్పుడూ మా గేటుకు వచ్చేవాళ్లు కాదు. అత్త ఒక చెంబెడు నీళ్లు తెచ్చి కప్ప మీద పోసింది.

"నీ కోడలు పోసుంటే బాగుండు" అన్నాడు వాళ్లలో ఒకతను.

"నా కోడలు పోస్తే కప్ప ఇంజను మాదిరి అరుస్తాదిలే. పో నాయినా" అంది అత్త.

వాళ్లు పోయాక లోపలికి వచ్చి, చెంబును బోర్లించి, కిటికీలో నుంచి మబ్బు వైపు చూసింది. ఆమె కూడా ఆ మాట కొంత నమ్ముతోందని నాకు తెలుసు. నమ్ముతూనే నా పక్కన ఉంది.

సంఘపెద్ద వచ్చి గరిక చూసి వెళ్లారు. తిట్టలేదు. "ఇంగ వద్దుమ్మా. నీ అత్తను పెట్టుకోని ఎంత దూరం పోతావు? కోతపండగ దాకా ఎందుకు, ఇప్పుడే అప్పజెప్పు. పరువుగా ఉంటాది" అన్నారు.

"గడువు కోతపండగ దాకా ఉంది పెద్దాయనా" అన్నాను.

మరుసటి రోజు పొద్దున బడికి పోయేముందు గడ్డపార తీసుకుని గోడ మూల నుంచి మొదలుపెట్టాను. ఎండిన రేగడి గడ్డపారకు పెద్ద పెద్ద పెళ్లలుగా లేస్తుంది. పెళ్లలో గరిక వేరు ఇరుక్కుని ఉంటుంది. పెళ్లను తిరగేసి, బాది, వేరు లాగి పక్కన వేయాలి. బడి అయిన తర్వాత మళ్లీ. నేను బడిలో ఉన్నప్పుడు అత్త. వారం తిరిగేసరికి మేము తీసింది పది మంచాలు వేసేంత చోటు. మిగిలిన తోటను చూస్తే ఆ చోటు కనిపించేది కాదు. అయినా ఆ చోటులో గరిక లేదు. అది చూసుకునే మరుసటి రోజు గడ్డపార పట్టేదాన్ని.

ఒక సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి అత్త తోటలో ఎవరి మీదో అరుస్తోంది. పల్లె నుంచి ఒకామె కొడవలితో వచ్చి గరిక కోస్తోంది. ఆ రోజు గంప నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయిన ఆమే.

"గోడ దూకి దొంగతనమా మే?"

"దొంగతనమేందత్తా, గరికే గదా! బర్రె మూడు దినాల నుంచి నోరాడించల్యా. ఊర్లో పచ్చిది అంటే మీ తోటే."

ఊళ్లో మేత లేదు. గరిక ఒక్కటే ఏ వానా లేకపోయినా లోపలి తడి పట్టుకుని పచ్చగా ఉంది. అదీ మా తోటలోనే ఒత్తుగా ఉంది.

"కోసుకో" అన్నాను. "కొడవలితో కాదు. గడ్డపార తెచ్చుకో. వేరుతో తవ్వుకుని ఎంత కావాలంటే అంత తీసుకపో. వేరు బర్రె తినదా?"

"తినకేం! మట్టి కడిగి పెడితే ఆకు కంటే వేరే ఇష్టం దానికి. తీపి గదా."

"కొడవలి ముట్టుకుంటే మాత్రం మళ్లీ రానివ్వను."

మరుసటి రోజు ఆమె గడ్డపారతో వచ్చింది. ఆ మరుసటి రోజు ఇంకొక ఇద్దరిని తెచ్చింది. చేలల్లో పని లేదు, పశువులు ఆకలి మీద ఉన్నాయి. వారంలో తోట అంతా గడ్డపారల చప్పుడు. ఒక్కొక్కరికీ అత్త గీత గీసి చోటు చూపించేది. తన గీతలో వేరు మిగిలించి పోయినవాళ్లకు తర్వాతి రోజు చోటు లేదు. గణుపు ముక్క కనిపించినా పిలిచి ఏరించేది. బావి దగ్గర మట్టి కడిగి, మోపులు కట్టుకుని, మాట్లాడుకుంటూ పోయేవాళ్లు. నన్ను చూసి మాటలు ఆపడం మానేశారు. వాన మాట వస్తే, "పంతులమ్మ మడక పట్టబట్టి వాన పోయినా, మా బర్రె బతికిపోయింది" అని ఒకామె నా ముందే అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన పోయిన తర్వాత అదే మొదటిసారి అనుకుంటాను.

ఒక రోజు రెడ్డి జీతగాడు గోడ అవతల నిలబడి దగ్గాడు.

"పెద్దమ్మా, మా రెడ్డి రెండు మోపులు గరిక అడగమన్యాడు. ఎద్దులకు."

అత్త గడ్డపార నేలకు గుచ్చి దాని మీద చేతులు పెట్టుకుంది. "ఏ ఎద్దులకప్పా? మా చేన్లో కాలు పెట్టగూడదన్న ఎద్దులకేనా?"

జీతగాడు తల గోక్కున్నాడు. "కాలు పెట్టవులే పెద్దమ్మా. నోరు పెడతాయి, అంతే."

"నీ రెడ్డి కంటే నువ్వే మేలు. రా, గడ్డపార తెచ్చుకో. గోడ పక్కన చోటు నీదే. ఆ గట్టు మీద నుంచే గదా వచ్చింది ఈ దరిద్రం. గోడ అడుగు దాకా తవ్వల్ల."

అతను తను తోలే ఎద్దుల కోసం తవ్వాడు. కడుపు కాలే ఎద్దులున్నవాడు లోతుగా తవ్వుతాడు. గోడ పొడవునా గరిక లేకుండా పోయింది.

బడిలో జెండా ఎగరేసిన రోజు పిల్లలకు బెల్లం పంచి, పాటలు పాడించి ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. తోటలో అందరూ ఎప్పటిలాగే తవ్వుతున్నారు. "స్వరాజ్యం వచ్చిందంట గదా పంతులమ్మా, వానెప్పుడంట?" అని అడిగారు. తెలియదన్నాను. నేనూ గడ్డపార తీసుకున్నాను.

గరిక అయిపోయిన నాటికి తోట పెళ్లల కుప్పగా ఉంది. తలకాయంత పెళ్లలు, రాళ్లలాగా. పెళ్లల సందుల్లో మిగిలిన గణుపులు ఎండకు మాడిపోయాయి. ఆడది ఆపేసిందన్న ఆ వాన గరిక తవ్వుతున్నప్పుడే వచ్చి ఉంటే, ఆ గణుపులన్నీ మళ్లీ లేచేవి. ఈ సంగతి నేను ఎవరితోనూ అనలేదు. జొన్న పోయిన ఊళ్లో అనే మాట కాదు.

బావి నీళ్లతో ఇంటి పక్కన ఒక మడిలో వంగనారు బతికించుకుంటున్నాను. అది తప్ప తోటలో పచ్చనిది లేదు.

పెద్ద వానలు ఆలస్యంగానైనా వచ్చాయి. రెండు రోజులు కురిసి వెలిశాయి. పెళ్లలు నాని మెత్తబడ్డాయి గానీ చితకలేదు. అంత నేలను చేతులతో చితగ్గొట్టాలంటే పదును పోయేలోపు జరిగే పని కాదు. అడగడానికి ఎద్దులూ లేవు. వాన పడ్డాక ఊళ్లో ఎవరి ఎద్దులు వాళ్ల చేలల్లోనే. ఇంజనుకు మిగిలిన పెట్రోలు సీసా అడుగున ఉంది. రాజేయడానికి ఒకటి రెండు సార్లకు వస్తుంది. ఈసారి పొయ్యి ముందే వెలిగించి, ప్లగ్గు ముందే వేడి చేసి పెట్టుకున్నాను.

"ఆగకుండా పో" అంది అత్త. "గట్టు కాడ తిప్పేటప్పుడు ఆపబాకు. ఆపితే మల్ల లేయదు."

ఆపలేదు. పొద్దున మొదలుపెట్టి, ఇంజను నడుస్తుండగానే అత్త ఒక చేత్తో గరాటా పెట్టి కిరసనాయిలు పోస్తుంటే, అలాగే తిప్పుకుంటూ నడిచాను. కత్తులు పెళ్లలను మీగడ చిలికినట్టు చితగ్గొట్టాయి. వెనక ఆడవాళ్లు మళ్లీ గంపలతో నడిచారు. ఈసారి నేనే పిలిచాను. ముక్క కనిపిస్తే ఏరమన్నాను. పొద్దు గుంకే వేళకు గంపలో గుప్పెడు కూడా లేదు. ఈసారి ఆ ఖాళీ గంపను నమ్మవచ్చు.

నీళ్లు తాగి, ఇంజను చల్లబడేదాకా దాని పక్కనే మట్టిలో కూర్చున్నాను. ఆయన కూడా పని అయిపోయాక అలాగే కూర్చునేవారు. ఎందుకని ఎన్నడూ అడగలేదు. కాళ్లు లేవవు, అందుకు.

వంగనారు నాటాం. బెండ, గోరుచిక్కుడు, ముల్లంగి, మెంతులు వేశాం. ప్రతి రోజూ పొద్దున్నే అత్త గోడ వెంట వంగి నడిచేది. గరిక తల కనిపిస్తే తన కొంగులో వేసుకొచ్చి పొయ్యిలో పెట్టేది. కోతపండగకు ముందు వారం కమిటీ వచ్చింది. బోర్డింగు వంటామె అప్పటికే గంపతో ముల్లంగి కోస్తోంది. బెండ మోకాలు దాటి కాయ పట్టింది. వంగ పిందె మీద ఉంది. సంఘపెద్ద చేతికర్రతో అక్కడక్కడా నేల గుచ్చి చూశారు. గోడ మూలకు పోయి అక్కడ కూడా గుచ్చారు.

"ఏమన్నా దొరికిందా పెద్దాయనా?" అంది అత్త.

"ల్యాదు" అన్నారు ఆయన. కర్రకు అంటిన మట్టి వేలితో తుడుచుకుని, అయ్యగారి వైపు చూసి, "ఈడ మనకేం పని ల్యాదు, పోదాం పాండి" అన్నారు. మా ఇల్లు మాకు అంత మాటతో ఉండిపోయింది. 

పండగ రోజు ఒక గంప బెండకాయలు, ముల్లంగి, మెంతాకు గుడికి తీసుకుపోయాం. వేలంలో ఆ గంపను సంఘపెద్దే పాడుకున్నారు. పాడుకుంటూ, "దున్నింది ఎవరో చూసి తినల్ల" అన్నారు. అందరూ నవ్వారు. తిన్నారనే అనుకుంటాను.

ఆ వారమే రెడ్డి గోడ దగ్గరికి స్వయంగా వచ్చాడు. తన బావి కింద మిరప వేయడానికి ఒక మడి ఉందనీ, ఎద్దులు తిరగలేనంత చిన్నదనీ, పెట్రోలు తానే సంపాదిస్తాననీ చెప్పాడు. పట్టేది ఎవరో ఆయన అడగలేదు.

"గరిక ఉందా రెడ్డీ మడిలో?" అన్నాను.

"ఉండాది. శానా ఉండాది."

"ముందు వేరుతో తీయించండి. తర్వాత ఇంజను."

"ఎండాకాలం దాకా ఆగల్లనా?"

"ఆగాల."

అత్త వంగమొక్కల మధ్య నుంచి తల ఎత్తకుండానే అంది. "మా గరిక తిన్న ఎద్దులుండాయి గదా రెడ్డీ. వాటినే తవ్వమను."

ఎండాకాలంలో ఆయన గరిక తీయించాడు. నేను పోయి దున్ని వచ్చాను. ఆ ఏడు వాన సకాలంలోనే పడింది.

సమాధుల దొడ్డిలో నా భర్త సమాధి చుట్టూ కూడా గరిక ఉంది. దాన్ని తీయలేదు. అక్కడ విత్తేది ఏమీ లేదు. తోటలోకి మాత్రం అది గోడ కింద నుంచి ఏటా వస్తుంది. ఏటా తీస్తాము.